మొక్కిన మాట మరువరాదు

ఆపద వచ్చినప్పుడు మానవుని నోట మొదట వెలువడేది భగవన్నామం. ఆ వెంటనే వెలువడేది మొక్కు. ‘ఈ గండం గట్టెక్కించు తండ్రీ, నీ కొండకు నడిచి వస్తాను’ అని ఒక్కసారైనా అనుకోని గృహం తెలుగునాట ఉండదంటే అతిశయోక్తి కాదు. పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుని గదిలో దాచిన రూపాయి బిళ్ల ఎన్ని నిద్రలేని రాత్రులకు సాక్షియో ఆ ఇంటి ఇల్లాలికే తెలుసు.

గండం గట్టెక్కింది. జ్వరం దిగింది. అమ్మాయికి సంబంధం కుదిరింది. అబ్బాయికి కొలువు దొరికింది. మరి ఆ పసుపు మూట సంగతి ఏమైంది? ఒక్కసారి మీ హృదయాన్ని అడిగి చూడండి. కష్టంలో ఇచ్చిన మాటకు సుఖంలో విలువ తగ్గిపోవడం మానవ స్వభావం. ఆ స్వభావాన్ని జయించడమే భక్తుని సాధన.

ఈ ప్రశ్న ఒక్క మతానికి పరిమితమైనది కాదు. మన వీధిలోనే ఉండే క్రైస్తవ కుటుంబాలను కూడా ఇదే ప్రశ్న శతాబ్దాలుగా నిలదీస్తోంది. దేవునికిచ్చిన మాటకు తెలుగు బైబిలు వాడిన పదం ఏమిటో తెలుసా? ‘మ్రొక్కుబడి’. అచ్చంగా మన ఇళ్లలోని మాటే. దాన్ని నెరవేర్చడానికి అక్కడ కనిపించే క్రియ ‘చెల్లించడం’. అప్పును చెల్లిస్తాం, మొక్కునూ చెల్లిస్తాం. మొక్కు కూడా ఒక రుణమేనని మన భాషే చెబుతోందన్నమాట. ఆ రుణాన్ని తీర్చడం గురించి క్రైస్తవ సంప్రదాయం చెప్పే గాథలు ఏ భక్తునికైనా ఆలోచింపదగినవి.

మొక్కకపోవడం దోషం కాదు

ప్రాచీన ఇశ్రాయేలు ప్రజల ధర్మశాస్త్రంలో మొక్కుబడుల గురించి స్పష్టమైన నియమాలు ఉన్నాయి. ద్వితీయోపదేశకాండంలోనూ, ప్రసంగి గ్రంథంలోనూ కనిపించే బోధ సారాంశం ఇది: దేవునికి మొక్కుకొని తీరాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. మొక్కుకోకపోతే పాపం అంటదు. కానీ ఒకసారి నోటి నుంచి మాట వెలువడిన తరువాత దాన్ని ఆలస్యం చేయరాదు. మొక్కి తీర్చకపోవడం కన్నా అసలు మొక్కకపోవడమే మేలు.

ఎంత నిక్కచ్చి అయిన మాటో గమనించండి. దేవుడు మన కానుకలకు ఎదురుచూస్తూ కూర్చోలేదు. అడగనిదే మనంతట మనమే మాట ఇచ్చాం కాబట్టి, ఆ మాట మన నిజాయితీకి కొలబద్ద అయింది.

ఆ ప్రజలలో ‘నాజీరు’ వ్రతం అని ఒకటి ఉండేది. ఆ దీక్ష పూనినవారు ద్రాక్షారసం ముట్టరాదు. దీక్షాకాలమంతా తలపై మంగలికత్తి పడనీయరాదు. గడువు పూర్తికాగానే ఆలయ ద్వారం వద్ద తల గొరిగించుకుని, ఆ వెంట్రుకలను బలి కింద మండుతున్న అగ్నిలో వేసేవారు. తలనీలాల మొక్కు తెలిసిన మనకు ఇది వింతగా తోచదు. క్రీస్తు బోధను దేశదేశాలకు మోసుకెళ్లిన పౌలు సైతం ఒక మొక్కుబడి కారణంగా కెంక్రేయ అనే రేవులో తల వెంట్రుకలు తీయించుకున్నాడని అపొస్తలుల కార్యములలో ఉంది.

ఏటేటా కుట్టిన చిన్న అంగీ

మొక్కు తీర్చడమంటే ఏమిటో తెలుసుకోవాలంటే హన్నా కథ వినాలి.

ఎల్కానా అనే గృహస్థుకు ఇద్దరు భార్యలు. పెనిన్నాకు పిల్లలు ఉన్నారు. హన్నాకు లేరు. ఏటా కుటుంబమంతా షిలోహు అనే పుణ్యస్థలానికి వెళ్లేవారు. వెళ్లిన ప్రతిసారీ సవతి ఎత్తిపొడుపులతో హన్నా భోజనం మాని ఏడ్చేది. ఒక ఏడు ఆమె మందిరంలో నిలబడి పెదవులు మాత్రమే కదులుతుండగా ప్రార్థించింది. తనకు కుమారుణ్ణి అనుగ్రహిస్తే ఆ బిడ్డ బ్రతుకంతా దేవునికే అర్పిస్తానని మొక్కుకుంది. ద్వారం వద్ద కూర్చున్న వృద్ధ యాజకుడు ఏలీ ఆమె మాట వినపడక, మద్యం మత్తులో ఉందని భ్రమించి మందలించాడు కూడా. గుండెలో గూడుకట్టుకున్న దుఃఖాన్ని దేవుని ఎదుట విప్పుకుంటున్నానని ఆమె వినయంగా విన్నవించింది. ఏలీ ఆశీర్వదించి పంపాడు.

బిడ్డ పుట్టాడు. సమూయేలు అని పేరు పెట్టుకుంది. ఇక్కడే అసలు పరీక్ష మొదలైంది. ఏళ్ల తరబడి ఎదురుచూసి కన్న ఏకైక కుమారుడు. వాడిని ఒడిలో పెట్టుకున్న తల్లికి, ‘దేవుడు దయామయుడు, నా మాటను క్షమిస్తాడులే’ అనుకోవడానికి ఎంత అవకాశం! పాలు మాన్పేంతవరకూ ఆగుతానని ఆమె భర్తతో చెప్పింది. ఎల్కానా అడ్డు చెప్పలేదు, ఆమె నిశ్చయానికే వదిలాడు. మొక్కు ఒకరిదైనా దాన్ని తీర్చడానికి ఇల్లంతా తోడు నిలవాలని ఆ భర్త ప్రవర్తన చెబుతుంది.

బిడ్డ పాలు మానగానే ఆమె గడువు పెంచలేదు. కానుకలతో పాటు పసివాణ్ణి వెంటబెట్టుకుని షిలోహు వెళ్లింది. ఏ యాజకుడు తనను తప్పుగా అనుకున్నాడో ఆయన ఎదుటే నిలబడి, ఆనాడు వేడుకున్న బిడ్డ వీడేనని చెప్పి అప్పగించింది. ఏడుస్తూ కాదు, స్తుతిస్తూ అప్పగించింది.

కథ అంతటితో ముగియలేదు. ఏటా యాత్రకు వెళ్లేటప్పుడు కుమారునికి ఒక చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్లేదట. బిడ్డ ఏడాదిలో ఎంత పెరిగి ఉంటాడో ఊహించుకుంటూ ఆ తల్లి ఒక్కొక్క కుట్టూ వేసి ఉంటుంది కదా! మొక్కు తీర్చడమంటే బరువు దించుకుని చేతులు దులుపుకోవడం కాదు. ఇచ్చినదాన్ని ప్రేమతో జ్ఞాపకం ఉంచుకోవడం. తరువాత ఆమెకు ముగ్గురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు కలిగారు. సమూయేలు ప్రవక్త అయి, సౌలును, ఆ పిమ్మట దావీదును రాజులుగా అభిషేకించాడు.

‘తరువాత చూద్దాం’ అన్నవారు

అందరూ హన్నాలు కారు. ఎగవేసేవారికన్నా వాయిదా వేసేవారే లోకంలో ఎక్కువ.

యాకోబు అన్న కోపానికి వెరచి ఇల్లు విడిచి పారిపోయినవాడు. దారిలో చీకటి పడితే ఒక రాయి తలగడగా పెట్టుకుని ఆరుబయట నిద్రించాడు. భూమికీ ఆకాశానికీ నడుమ నిచ్చెన, దానిపై దేవదూతలు ఎక్కుతూ దిగుతూ ఉన్నట్లు కల వచ్చింది. తెల్లవారగానే ఆ రాతిని నిలబెట్టి నూనె పోసి, ఆ చోటికి బేతేలు అని పేరు పెట్టాడు. దైవమందిరం అని దాని అర్థం. తినడానికి అన్నం, కట్టడానికి బట్ట ఇచ్చి క్షేమంగా ఇల్లు చేరిస్తే ఈ రాయి దేవుని మందిరమవుతుందని, తనకు కలిగిన దానిలో పదవ వంతు సమర్పిస్తానని మొక్కుకున్నాడు.

ఇరవై ఏళ్లు మేనమామ ఇంట గడిచాయి. కట్టుబట్టలతో వెళ్లినవాడు భార్యాబిడ్డలతో, మందలతో తిరిగి వచ్చాడు. పగబట్టాడనుకున్న అన్న కౌగిలించుకున్నాడు. అన్నీ నెరవేరాయి. అయినా యాకోబు తిన్నగా బేతేలుకు వెళ్లలేదు. షెకెము అనే ఊరి దగ్గర పొలం కొని గుడారాలు వేసుకున్నాడు. అక్కడే ఆయన కుటుంబం పెద్ద కలతలో చిక్కుకుంది. చివరకు దేవుడే లేచి బేతేలుకు వెళ్లమని చెప్పవలసి వచ్చింది. అప్పుడు ఇంటిల్లిపాదీ శుద్ధి చేసుకుని, వస్త్రాలు మార్చుకుని బయలుదేరారు. ఇచ్చేవాడే గుర్తుచేయవలసి రావడం పుచ్చుకున్నవానికి ఎంత చిన్నతనం!

ఈ కథ చదువుతుంటే మీకు సత్యనారాయణ వ్రతకథలోని సాధువనే వర్తకుడు గుర్తుకు రావడం లేదూ? సంతానం కలిగితే వ్రతం చేస్తానన్నాడు. కుమార్తె పుట్టింది. ఆమె పెళ్లినాడు చేద్దామన్నాడు. పెళ్లీ అయింది, వ్రతం మాత్రం జరగలేదు. ఆయనను అంటున్నాం గానీ, సత్యానికి మారుపేరైన హరిశ్చంద్రుడు సైతం వరుణునికిచ్చిన మాటను బిడ్డకు పళ్లు రానీ, అవి ఊడి మళ్లీ రానీ అంటూ వాయిదా వేశాడని ఐతరేయ బ్రాహ్మణం చెబుతోంది. తరువాతి కాలంలో సత్యం కోసం సర్వస్వం వదులుకున్న మహారాజుకే మమకారం అంత అడ్డుపడితే మనమెంత? మమకారం ఎప్పుడూ ‘వద్దు’ అనదు. ‘తరువాత’ అంటుంది. అందుకే అది అంత ప్రమాదకరం.

కెరటాల నడుమ ఇచ్చిన మాట

మొక్కును వాయిదా వేయకుండా తీర్చినవారి జ్ఞాపకం మనకు దగ్గరలోనే, బంగాళాఖాతం ఒడ్డున నిలిచి ఉంది. తమిళనాడులో నాగపట్టణానికి దక్షిణంగా ఉన్న వేళాంగణి పేరు మీరు వినే ఉంటారు. ఆరోగ్యమాతగా మేరీ మాత కొలువైన క్షేత్రమది.

అక్కడి స్థలగాథ ప్రకారం, 17వ శతాబ్దంలో మకావు నుంచి సింహళం వైపు వస్తున్న పోర్చుగీసు వర్తక నౌక ఒకటి పెనుతుపానులో చిక్కుకుంది. తెరచాపలు చిరిగాయి. బ్రతుకుపై ఆశ లేని నావికులు మోకరిల్లి, తమను ఒడ్డుకు చేర్చితే కాలు మోపిన చోటనే మాతకు ఆలయం కడతామని మొక్కుకున్నారు. సముద్రం శాంతించింది. నౌక వేళాంగణి తీరానికి చేరింది. అది సెప్టెంబర్ 8, మేరీ మాత జన్మదినం.

ఒడ్డున దిగిన వారికి ఆ ఊరు కొత్త, భాష తెలియదు, సరుకు చేర్చవలసిన రేవు ఇంకా దూరం. వెళ్లిపోతే అడిగే నాథుడు లేడు. అయినా వారు అక్కడ ఉన్న పూరిపాక వంటి ప్రార్థనాస్థలాన్ని చిన్న ఆలయంగా కట్టి మాట నిలుపుకున్నారట. ఆ తరువాత ఆ దారిన వచ్చినప్పుడల్లా కానుకలు తెచ్చారట. బైబిలు ఘట్టాలు చిత్రించిన పింగాణీ పలకలు ఇప్పటికీ అక్కడి బలిపీఠం వద్ద ఉన్నాయి. హన్నా ఏటేటా తెచ్చిన అంగీకీ, ఈ నావికులు మరల మరల తెచ్చిన పలకలకూ పోలిక ఉంది. రెండూ మొక్కు తీరిన తరువాత కూడా ఆగని కృతజ్ఞతకు గుర్తులు.

1962లో పోపు 23వ జాన్ ఈ ఆలయానికి బసిలికా హోదా ఇచ్చారు. ఏటా ఆగస్టు 29 నుంచి సెప్టెంబర్ 8 వరకు జరిగే ఉత్సవాలకు మతభేదం లేకుండా జనం తరలివస్తారు. కాషాయ వస్త్రాలు ధరించి కాలినడకన వచ్చేవారు, తలనీలాలు ఇచ్చేవారు, వెండి ప్రతిమలు సమర్పించేవారు అక్కడ కనిపిస్తారు. మన విజయవాడలో గుణదల కొండమీది మేరీ మాత ఉత్సవాలలోనూ ఫిబ్రవరి నెలలో ఇటువంటి దృశ్యమే గోచరిస్తుంది.

క్రైస్తవంలో శాఖాభేదాలున్నాయి. కతోలికులు యాత్రలకు, మొక్కుబడులకు విలువ ఇస్తారు. ప్రొటెస్టెంటు బోధకులు అనేకులు దేవుని వరాన్ని బేరమాడి పొందలేమని, అది కేవలం కృప అని హెచ్చరిస్తారు. ఇచ్చిన మాట తప్పరాదన్న విషయంలో మాత్రం ఇరువురికీ భేదం లేదు.

ఎవరి ఖర్చుతో మొక్కు?

ఇక అత్యంత సున్నితమైన విషయం. మనం మొక్కుకుంటాం, దాని భారం మాత్రం మరొకరు మోయాలా?

యెఫ్తా అనే యోధుడు యుద్ధానికి పోతూ, గెలిచి తిరిగి వచ్చినప్పుడు తన ఇంటి ద్వారం నుంచి ఎదురు వచ్చేదాన్ని దేవునికి అర్పిస్తానని తొందరపడి మొక్కాడు. విజయోత్సాహంతో తంబుర వాయిస్తూ నాట్యమాడుతూ ఎదురొచ్చింది ఆయన ఒక్కగానొక్క కూతురు. ఆ తండ్రి బట్టలు చించుకుని రోదించాడు. ఆమె ప్రాణాన్నే అర్పించాడని కొందరు, ఆమె జీవితాంతం కన్యగా ఉండిపోయిందని కొందరు వ్యాఖ్యాతలు చెబుతారు. ఏదైనా మూల్యం చెల్లించింది మాట ఇచ్చినవాడు కాదు, ఏ పాపం ఎరుగని బిడ్డ. తనది కానిదాన్ని మొక్కే హక్కు ఎవరికీ లేదని ఈ విషాదగాథ హెచ్చరిస్తోంది.

ఏసుక్రీస్తు ఇంకొక అడుగు ముందుకు వేశాడు. ఆ కాలంలో ‘కొర్బాను’ అనే పద్ధతి ఉండేది. ‘ఇది దైవార్పితం’ అని దాని అర్థం. వృద్ధులైన తల్లిదండ్రులకు ఇవ్వవలసిన దాన్ని కొర్బాను అని ప్రకటించి, ఇక మీకు ఇవ్వడానికి లేదని తప్పించుకునేవారు ఉండేవారు. ఆచారం పేరుతో దేవుని ఆజ్ఞనే కొట్టివేస్తున్నారని క్రీస్తు వారిని తీవ్రంగా గద్దించాడు. కన్నవారి నోటి ముద్ద లాక్కుని తెచ్చిన కానుక దేవునికి చేరదని ఆయన భావం. మరొక సందర్భంలో, కానుకతో బలిపీఠం వద్దకు వచ్చినప్పుడు సోదరునికి నీపై కోపకారణం ఉందని గుర్తుకు వస్తే, కానుకను అక్కడే విడిచి ముందు వెళ్లి అతనితో సమాధానపడమని బోధించాడు.

ఈ మాటలు మన గడప లోపలికీ వస్తాయి. కొండపై స్వామికి నిలువుదోపిడీ ఇచ్చి, ఇంట్లో తల్లికి మందులు కొనడానికి వెనుకాడితే ఆ మొక్కు చెల్లినట్టా? హుండీలో కట్టలు వేసి, పనిమనిషి జీతం ఎగవేస్తే దేవుడు మురిసిపోతాడా?

నిత్యం నిలుపుకోవలసిన మాట

ఆపద మొక్కులు అప్పుడప్పుడూ వచ్చేవి. క్రైస్తవ జీవితంలో అంతకన్నా పెద్ద మాట ఒకటి ఉంది. జ్ఞానస్నానం లేదా బాప్తిస్మం పొందేటప్పుడు చెడును విడిచిపెడతానని, విశ్వాసంలో నడుస్తానని ఇచ్చే మాట అది. శిశువుకు బాప్తిస్మమిచ్చే సంఘాలలో తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు ఆ మాట పలుకుతారు. మాట పాతబడకుండా ఉండేందుకు కతోలిక దేవాలయాలలో ఏటా ఈస్టర్ ముందు రాత్రి, కొవ్వొత్తులు వెలిగించుకుని సంఘమంతా ఆ వాగ్దానాలను మళ్లీ పలుకుతుంది. దానికి ముందు నలభై దినాల తపస్సు కాలంలో ఉపవాసం, ప్రార్థన, దానం అనే మూడు నియమాలతో మనసును సిద్ధం చేసుకుంటారు.

మెథడిస్టు సంప్రదాయానికి ఆద్యుడైన జాన్ వెస్లీ 1755లో ఇంగ్లండులో నిబంధన ఆరాధనను ప్రవేశపెట్టాడు. తమ జీవితాన్ని దేవునికి అప్పగిస్తున్నామని సంఘమంతా కలిసి పలికే ఆరాధన అది. నేటికీ ఎన్నో సంఘాలు నూతన సంవత్సర ఆరంభంలో దీన్ని జరుపుకుంటాయి. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన మన మెదక్ చర్చిని నిర్మింపజేసిన మిషనరీ పాస్నెట్ ఈ వెస్లీ సంప్రదాయానికి చెందినవాడే. ఏటేటా తిరిగి పలకడం ఎందుకంటారా? దీపానికి నూనె ఎందుకు పోస్తామో అందుకే. ఒకనాడు వెలిగించినంత మాత్రాన దీపం ఏళ్ల తరబడి వెలగదు. మాట కూడా అంతే.

తప్పినవారికి దారి లేదా?

ఇదంతా చదివి, తీర్చని మొక్కులు గుర్తుకొచ్చి మీ మనసు భయపడుతున్నదేమో. భయం వద్దు. పేతురు కథ వినండి.

క్రీస్తు శిష్యులలో ముఖ్యుడు పేతురు. గురువును బంధించబోయే రాత్రి, ప్రాణం పోయినా మిమ్మల్ని విడువనని అందరి ఎదుటా ప్రతిజ్ఞ చేశాడు. కోడి కూయక ముందే, చలిమంట దగ్గర ఆయన ఎవరో నేనెరుగనని ముమ్మారు బొంకాడు. కోడి కూసింది. పేతురు వెలుపలికి పోయి వెక్కివెక్కి ఏడ్చాడు.

పునరుత్థానం తరువాత క్రీస్తు సరస్సు ఒడ్డున శిష్యులకు మళ్లీ కనిపించాడు. అక్కడా నిప్పులు ఉన్నాయి, వాటిపై చేపలు కాలుతున్నాయి. భోజనమయ్యాక ఆయన పేతురును నిందించలేదు. నన్ను ప్రేమిస్తున్నావా అని మాత్రం మూడుసార్లు అడిగాడు. ముమ్మారు తప్పిన నోటితోనే ముమ్మారు ప్రేమను చెప్పించి, తన మందను మేపే బాధ్యత అప్పగించాడు. ఆ పేతురే రోమా నగరంలో విశ్వాసం కోసం ప్రాణమిచ్చాడని క్రైస్తవ సంప్రదాయం చెబుతోంది. ఒకనాడు తప్పిన ప్రతిజ్ఞను జీవితమంతా వెచ్చించి చెల్లించాడు.

కాబట్టి మాట తప్పిన భక్తునికి తలుపు మూసుకుపోదు. మూసుకుపోయేది, తప్పానని ఒప్పుకోని మనసు తలుపే.

ఈ ఆదివారం ఒక పని చేయండి

ఇంటిల్లిపాదీ కూర్చుని, ఇంతవరకు మొక్కుకున్న మొక్కులు ఒక కాగితంపై రాయండి. పెద్దవారిని అడగండి. నాయనమ్మ కట్టిన ముడుపు ఆమెకే గుర్తుంటుంది. తీర్చగలిగినవాటికి ఒక తేదీ నిర్ణయించండి. తేదీ లేని మొక్కు తీరదు. శక్తికి మించినవి ఉంటే దిగులు పడకుండా, మీరు నమ్మిన పెద్దలనో పురోహితులనో అడిగి ప్రత్యామ్నాయం తెలుసుకోండి. ఇతరులకు బాధ కలిగించే మొక్కులు ఉంటే పట్టుదలకు పోకండి. ఇక ముందు మొక్కేటప్పుడు మీ చేతిలో ఉన్నదే, మీరు ఇవ్వగలిగినదే మొక్కండి. ఆపదలో మాట ఇవ్వడానికి ముందు ఒక్క క్షణం ఆగి, సుఖంలో ఈ మాట గుర్తుంటుందా అని ప్రశ్నించుకోండి.

దేవునికి మన కొబ్బరికాయ లోటు లేదు, మన వెండి లోటు లేదు. ఆయన మన నుంచి కోరేది మాట మీద నిలబడే మనిషిని. కన్నీటితో పలికిన మాటను చిరునవ్వుతో చెల్లించగలిగిన నాడు మన భక్తి పరిపక్వమైనట్లు. ఆ పసుపు మూట విప్పే రోజు మీ ఇంట త్వరలోనే రావాలని ఆకాంక్షిద్దాం.